మూడు నిమిషాల కోసం రాంగ్ రూట్

హైదరాబాద్ శివార్లలోని వెలిమెల, కొల్లూరు మధ్య రాంగ్ రూట్‌లో ఎదురొచ్చేవాళ్లను ఆపి అడిగితే అందరిదీ ఇంచుమించు ఒకటే మాట: "గింత దూరమే అన్నా, గా సందు కాడికే." ఆ గింత దూరానికి ఒకసారి లెక్క కట్టి చూద్దాం.

యూటర్న్ 800 మీటర్ల అవతల ఉందనుకోండి. పోయి రావడానికి 1.6 కిలోమీటర్లు. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోయే బైకుకు పట్టేది 3 నిమిషాల 12 సెకన్లు. లీటరుకు 45 కిలోమీటర్లిచ్చే బండైతే పెట్రోలు ఖర్చు నాలుగు రూపాయల లోపే. రాంగ్ రూట్‌లో మిగిలేది ఇంతే.

పోయేదేమిటో కూడా చూడాలి. రాత్రి పూట డిమ్ లైటులో కారు నడిపేవాడికి ముందున్నది కనిపించేది దాదాపు 50 మీటర్ల వరకే. కారు 60లో, బైకు 30లో ఎదురెదురుగా వస్తుంటే ఒకదానికొకటి సెకనుకు 25 మీటర్ల చొప్పున దగ్గరవుతాయి. అంటే కనిపించాక ఉండేది 2 సెకన్లే. అందులో ఒక సెకను తేరుకుని బ్రేకు మీద కాలు వేయడానికే పోతుంది. పొడి రోడ్డు మీద కారు పూర్తిగా ఆగడానికి 37 మీటర్లు, బైకుకు 13 మీటర్లు కావాలి. రెండూ కలిపితే సరిగ్గా 50! ఇద్దరూ ఒకేసారి చూసి, ఒకేసారి బ్రేకు వేసి, టైర్లు కొత్తవైతేనే ఈ లెక్క. వాన పడితే తప్పుతుంది. ఎదురుగా కంకర నింపుకున్న టిప్పర్ వస్తున్నా తప్పుతుంది. బైకు హెడ్‌లైటు పోయి నెలయినా వేయించకపోతే లెక్క మొదలే కాదు.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో సుమారు 9 వేల మంది రాంగ్ సైడ్ డ్రైవింగ్ ఖాతాలో ఉన్నారు.

ఇదంతా మొండితనమని నేననుకోను. ఈ అలవాటు ట్రాఫిక్ కంటే పాతది. పది నిమిషాలకొక ట్రాక్టరు పోయే రోడ్డు మీద ఏ పక్కన పోయినా ఎవరికీ ఏమీ కాలేదు. ఆ రోడ్ల మీదికే ఇప్పుడు టిప్పర్లు, డీసీఎంలు, రెడీమిక్స్ లారీలు, పటాన్‌చెరు కంపెనీ బస్సులు వచ్చిపడ్డాయి. ఒక్క 2023 జూన్ 22నే కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లనూ, పక్కనే కొండకల్‌లో రైలు పెట్టెల ఫ్యాక్టరీనీ ప్రారంభించారు. రోడ్డు మారింది గానీ చేతి సైగ మారలేదు: అరచేయి కిందికి ఊపి "ఆగు ఆగు" అంటే ఎదుటి బండి ఆగి తీరాలని ఇప్పటికీ గట్టి నమ్మకం.

సైగల్లో మన ఆటో అన్నల ప్రతిభ వేరే. ఇండికేటర్ ఉంటుంది, పని చేస్తుంది కూడా, కానీ మలుపు దగ్గర బయటికొచ్చేది కాలు. బైకు మీద ఇంకో రకం: ఎప్పుడో కొల్లూరులో వేసిన ఇండికేటర్ వెలిమెల దాకా టిక్కు టిక్కుమంటూనే ఉంటుంది. హెల్మెట్‌లో ఫోను ఇరికించుకుని మాట్లాడేవాళ్లను చూసే ఉంటారు. అది జారితే సరిచేసుకోవడానికి 3 సెకన్లు చాలు. 60 వేగంలో ఆ 3 సెకన్లకు బండి 50 మీటర్లు పోయి ఉంటుంది.

ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) ఎక్కితే సంఖ్యలు ఇంకా భయపెడతాయి. ఈ 158 కిలోమీటర్ల రోడ్డు మీద వేగ పరిమితిని 2023లో 100 నుంచి 120కి పెంచారు. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక జారే దూరం నాలుగింతలవుతుంది: 60లో 20 మీటర్లు, 120లో 80. అలాంటి చోట కొల్లూరు ఎగ్జిట్ దాటిపోయిందని కారును రివర్స్‌లో తెచ్చేవాళ్లున్నారు. తర్వాతి ఎగ్జిట్ దాకా పోయి తిరిగొస్తే ఏ పావుగంటో, ఇరవై నిమిషాలో. వెనక 100 మీటర్ల దూరంలో 120లో వస్తున్న కారు మీదికి రావడానికి 3 సెకన్లు.

హెల్మెట్ సంగతికొస్తే, చాలా బండ్లకు అది ఉంది, అద్దానికి వేలాడుతూ. 2022లో దేశంలో హెల్మెట్ లేక చనిపోయినవాళ్లు 50,029 మంది. వాళ్లలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. మన దగ్గర వెనక కూర్చున్న అమ్మకో, చెల్లెకో రెండో హెల్మెట్ కొన్న ఇల్లు ఎంత అరుదో గమనించండి.

చలాన్లు వేస్తున్నారు కదా అంటారా? నంబర్ ప్లేటు మీద మాస్కు తగిలించినవాళ్లను వదిలేద్దాం. 2022 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం బైకులు, ఆటోల పెండింగ్ చలాన్ల మీద 75 శాతం తగ్గించింది. 2023 డిసెంబరులో 80 శాతం. వెయ్యి రూపాయల చలాన్‌ను పట్టించుకోనివాడు 200 కట్టి బయటపడ్డాడు. నెలలోపే బుద్ధిగా కట్టినవాడికి వెయ్యీ పోయింది. ఇలాంటి రాయితీ మళ్లీ ఇవ్వకూడదు. దానికన్నా, జనం రోజూ ఎక్కడ రాంగ్ రూట్‌లోకి దిగుతున్నారో చూసి, భద్రంగా వీలైన చోట యూటర్న్‌ను 800 నుంచి 300 మీటర్లకు దగ్గర చేస్తే, పోయి రావడానికి పట్టేది 72 సెకన్లు.