అడిగినపుడే అంటుకొను కొమ్మలు

కంప్యూటరులోని ఫైళ్లు ఒక చెట్టువలె అమరియుండును. మొదలు ఒక్కటే, అందుండి డైరెక్టరీలను కొమ్మలు చీలును. దూరమున నున్న వేరొక కంప్యూటరులోని ఫైళ్లను గూడ ఈ చెట్టునకు అంటు కట్టవచ్చును. అట్లు అంటు కట్టిన చోటును మౌంటు పాయింటు అందురు. దానిని దాటి పోయినవారికి ఆ ఫైళ్లన్నియు తమ యంత్రములోనివే యని తోచును.

అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున 1980 దశకములో రూపొందిన ఆండ్రూ ఫైల్ సిస్టమ్ ఈ పద్ధతిని అనేక సంస్థలకు విస్తరింపజేసినది. ఇందు ఒక్కొక్క సంస్థకు చెందిన సర్వరుల సముదాయమును 'సెల్' అందురు. సెల్‌ల పేర్లన్నియు 'ఏ.ఎఫ్.ఎస్.' అను ఒకే డైరెక్టరీ క్రింద కనిపించును.

మొదట ఈ పేర్లను ప్రతి సంస్థలోను నిర్వాహకుడు తమ సర్వరులో స్వయముగా చేర్చవలసి యుండెడిది. ఆయన చేర్చని సెల్‌కు దారి లేదు. ఇంతకంటె పెద్ద చిక్కు మరొకటి కలదు. కంప్యూటరును ప్రారంభింపగానే అది ఆ సర్వరునుండి ఈ డైరెక్టరీని తెచ్చుకొనవలెను. ఆ సమయమున నెట్‌వర్కు లేకున్నచో, జవాబుకొరకు ఎదురుచూచుచు నిలిచిపోవును. ప్రయాణములో వెంట తీసికొని పోవు లాప్‌టాప్‌కు ఇది ఎంత ఇబ్బందియో ఊహింపుడు.

2000లో ఐ.బి.ఎం. సంస్థ మూలప్రోగ్రామును బహిరంగము చేయగా 'ఓపెన్ ఏ.ఎఫ్.ఎస్.' వెలసినది. అందలి 'డైనమిక్ రూట్' ఈ చిక్కును తొలగించును. ఇందు కంప్యూటరు ఆ డైరెక్టరీని ఎచటినుండియు తెచ్చుకొనదు; తానే కల్పించుకొనును. తనయొద్ద నున్న జాబితాలోని సెల్‌ల పేర్లను అందు చూపును. జాబితాలో లేని పేరును ఎవరైన వాడినచో, ఇంటర్నెట్టులో పేర్లకు చిరునామాలు తెలుపు డి.ఎన్.ఎస్.ను విచారించును. చిరునామా దొరికినచో మౌంటు పాయింటు అప్పటికప్పుడే ఏర్పడును. దొరకనిచో అట్టి డైరెక్టరీ లేదని చెప్పును.

అయినను ఒక అపాయము మిగిలియున్నది. ఈ డైరెక్టరీలోని ప్రతి పేరుకు వివరములు చూపుమని ఒక ప్రోగ్రాము కోరిన, కంప్యూటరు అన్ని సెల్‌లను వరుసగా పలుకరింపవలెను. వానిలో ఒక్కటి మూగవోయినను పని ఆగిపోవును. అందుచే దూరపు సెల్‌ను పలుకరింపకయే, 'ఇది ఒక డైరెక్టరీ' యని తాత్కాలికముగా సమాధానమిచ్చు 'ఫేక్‌స్టాట్' అను ఏర్పాటును గూడ చేసిరి. ఎవరైన నిజముగా లోనికి పోదలచినపుడే ఆ సర్వరుతో సంబంధము ఏర్పడును.

ఒక చోటు పేరును చూపుట వేరు, ఆ చోటికి పోవుట వేరు. ఈ రెంటిని విడదీయుటచేతనే ఎచటనో ఒక సర్వరు చెడినను, దానితో అవసరము లేనివారి పని నిరాటంకముగా సాగుచున్నది.