స్కూబా సిలిండర్‌లో వాయుపీడన పర్యవేక్షణ: పీడనానికీ కాలానికీ గల సంబంధం

1943లో ఫ్రాన్స్‌లో కూస్తో, గాన్యాన్‌లు ఆక్వాలంగ్‌ను రూపొందించిన తరువాత చాలాకాలం డైవర్లు నీటిలో పీడనమాపకం లేకుండానే దిగేవారు. వారికి ఆధారం జె-వాల్వ్. గాలి తగ్గినప్పుడు దానివల్ల శ్వాస బిగువయ్యేది. మీటను లాగితే మిగులు గాలి అందేది. ఆ మీట పొరపాటున ముందే జారితే హెచ్చరికా ఉండదు, మిగులూ ఉండదు. నీటిలో నిరంతరం కనిపించే పీడనమాపకం ఈ లోపాన్ని తొలగించింది.

అయితే మాపకం చూపేది పీడనాన్నే గాని కాలాన్ని కాదు. 12 లీటర్ల సిలిండర్‌ను 200 బార్ల వరకు నింపితే, ఉపరితల పీడనం వద్ద సుమారు 2,400 లీటర్ల గాలికి సమానం. నిమిషానికి 20 లీటర్లు పీల్చే వ్యక్తికి ఉపరితలంపై అది రెండు గంటలు సరిపోతుంది. 30 మీటర్ల లోతులో పరిసర పీడనం 4 బార్లు. బాయిల్ నియమం ప్రకారం వినియోగం 80 లీటర్లకు పెరిగి, వ్యవధి అరగంటకు తగ్గుతుంది. 50 బార్ల మిగులు అక్కడ ఏడున్నర నిమిషాలే. తోడు డైవర్‌తో పంచుకోవలసి వస్తే దాదాపు సగమే. శ్రమ, భయం ఆ వ్యవధిని మరింత కుదిస్తాయి.

కనుక ముల్లు ఎర్ర గీతను తాకేవరకు వేచి ఉండటం పర్యవేక్షణ కాదు. ఇద్దరూ సురక్షితంగా పైకి చేరడానికి కావలసిన గాలిని లెక్కించి, వెనుదిరగవలసిన పీడనాన్ని నీటిలో దిగకముందే నిర్ణయించుకొని, మాపకాన్ని తరచుగా దానితో సరిపోల్చుకోవడమే పర్యవేక్షణ.