ఊట మాడిందా... ఊట మాడిదనా?

సింధనూరు: తుంగభద్ర ఎడమ కాలువ నీళ్లను నమ్ముకుని వచ్చి క్యాంపులు కట్టుకున్నవాళ్లం మనం. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడం. ఈ రెంటి మధ్య పిల్లల చదువు ఎక్కడ చిక్కుకుంటోందో ఓ క్యాంపు బడి మాస్టారు తన మాటల్లోనే చెప్పుకొచ్చారు.

నేనూ క్యాంపులో పుట్టినవాణ్నే. నాలుగో తరగతికి కన్నడం చెబుతాను. రోజూ అరగంట 'ఓదు' పీరియడ్ పెట్టా. నేనో వాక్యం చదివితే పిల్లలంతా ఒకే గొంతుతో అందుకునేవాళ్లు. రోడ్డు దాకా వినిపించేది. భేషుగ్గా నడుస్తోందనుకున్నా. ఓ రోజు గాలికి ఒకడి పుస్తకంలో పేజీ తిరగబడింది. వాడు ఆగితేనా! పాత పేజీనే గడగడా అప్పజెప్పేస్తున్నాడు.

మర్నాటి నుంచి ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని చదివించా. కూడబలుక్కోగలిగినవాళ్లకూ అర్థం అందడంలేదు. 'రైతను ఊట మాడిదను' అని చదివిన పిల్లని ఏం జరిగిందే అనడిగితే "ఊట మాడిపోయింది సార్" అంది. రైతు అన్నం తిన్నాడని దానికెలా తెలుస్తుంది? మనకు ఊటంటే చెలమలో ఊరే నీరు. మాడేది అన్నం. ముందు నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది. క్లాసులో తెలుగు మాట్లాడితే కసిరింది నేనే కదా! అలాగైతే కన్నడం త్వరగా వస్తుందనుకున్నా. రాలేదు సరికదా, ఒక పిల్లాడు నోరు విప్పడమే మానేశాడు.

చిన్న తరగతుల్లో 'నలి-కలి' ఉంది. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటెలో మొదలైంది. దానికి స్ఫూర్తి మన మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ! ఏ పిల్లాడి వేగం వాడిదే, ఎవరి మెట్టు వాళ్లదే. అలా నేర్చుకుని వచ్చినవాళ్లను నాలుగోలో నేను మళ్లీ ఒకే తాటికి కట్టేశా.

'ప' పోయి 'హ' వచ్చె

కసరడం మానేశా. పాఠం తెరిచేముందు బొమ్మ చూపించి కథ తెలుగులోనే మాట్లాడుకుంటాం. కన్నడం తర్వాతే. హళగన్నడంలోని 'ప' చాలా మాటల్లో రానురాను 'హ' అయింది. ఆ సంగతి ఆటలా చెప్పా. పాలు హాలు, పాము హావు, పులి హులి, పంది హంది, పల్లె హళ్లి... వారం తిరిగేసరికి వాళ్లే వెతికి గోడకు అంటించడం మొదలెట్టారు. నోరు విప్పని పిల్లాడు తెచ్చిన మాట 'హేను'. అంటే పేను! క్లాసంతా తలలు గోక్కుంటూ నవ్వింది.

ఈ కిటుకు అన్నిచోట్లా పారదు లెండి. 'హేళు' అంటే చెప్పు. మావాళ్లు 'పేలు' అనుకుని టపాసుల దాకా వెళ్లారు.

కోరస్ బదులు ఇప్పుడు జంటలు. ఒకరు కన్నడంలో చదివితే రెండోవాళ్లు ఏం జరిగిందో తెలుగులో చెప్పాలి. గడియారం పెట్టి నిమిషానికెన్ని మాటలో లెక్కపెట్టడమూ కొన్నాళ్లు చేశా. పరుగు నేర్చారు, చదువు కాదు. ఆపేశా. చిరుగుతాయని బీరువాలో దాచిన కథల పుస్తకాలు ఇళ్లకు పంపుతున్నా. రెండు చిరిగాయి కూడా.

పేను పిల్లాడి నాయనమ్మ మొన్న కాలువ గట్టున ఆపింది. "మేష్టారూ, మావోడు కన్నడం పుస్తకం చదివి నాకు తెలుగులో కత చెబుతున్నాడండీ" అంది. వాడింకా నెమ్మదిగానే చదువుతాడు. అమ్మానాన్నలతో పత్తి తీతకు వెళ్లిన ముగ్గురు మాత్రం ఇంకా తిరిగి రాలేదు. వాళ్ల పుస్తకాలు పక్కన పెట్టి ఉంచా.