పాఠశాల ఇంద్రజాలికునకు కొన్ని క్రొత్త పరికరములు

1856వ సంవత్సరములో రాబర్ట్ హూడిన్ అను ఫ్రెంచి ఇంద్రజాలికుడు అల్జీరియాలో ప్రదర్శన లిచ్చెను. రంగస్థలముపై ఒక చిన్న పెట్టె యుండెను. బలశాలియైన ఒక ప్రేక్షకుడు దానిని మొదట అవలీలగా ఎత్తెను. తాను అతని బలమును హరించితినని హూడిన్ ప్రకటించిన పిదప, అతడెంత గింజుకొన్నను ఆ పెట్టె కదలలేదు. ఈ వృత్తాంతమును హూడిన్ తన ఆత్మకథలో వ్రాసికొనెను.

రహస్య మేమన, పెట్టె అడుగున ఇనుపరేకు, వేదిక క్రింద విద్యుదయస్కాంతము ఉండెను. విద్యుత్తు ప్రవహించినంతసేపు పెట్టె వేదికకు అంటుకొని యుండును. ఇంగ్లండులో స్టర్జన్ విద్యుదయస్కాంతమును చేసి అప్పటికి 30 ఏండ్లు గడచినను, ఆ సభలోనివారు దాని నెఱుగరు. అచటి మతగురువుల పలుకుబడిని తగ్గించుటకై ఫ్రెంచి ప్రభుత్వమే హూడిన్‌ను పంపినది. అనగా ఒక క్రొత్త పరికరము వినోదమునకు గాక, జనులను లొంగదీయుటకు వాడబడినదన్నమాట.

నేడు అదే పెట్టెను చూపినచో, తొమ్మిదవ తరగతి విద్యార్థి లేచి "క్రింద అయస్కాంతమున్నది" అనును. కావుననే ఇంద్రజాలికులు నిత్యము క్రొత్త పరికరములను వెదకుచుందురు. పాఠశాల వార్షికోత్సవములలో ప్రదర్శనలిచ్చు ఉపాధ్యాయులు, విద్యార్థులు వాని నెట్లు ఎన్నుకొనవలెను? వెలను, తళుకును చూచి కాదు. మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఇది ఎట్లు పనిచేయునో నాకు తెలియునా? పొరపాటు జరిగినచో ఎవరికైన గాయమగునా? చూచినవాడు దీనిని మహిమయని నమ్మి ఇంటికి పోయినచో నష్టము కలుగునా? ఈ పరీక్షకు నిలుచు పరికరములను కొన్నిటిని చూతము.

అద్దపు పెట్టె

1865లో లండన్‌లోని ఈజిప్షియన్ హాలులో స్టోడేర్ అను ఇంద్రజాలికుడు మూడుకాళ్ళ బల్లపై ఒక పెట్టె నుంచి, అందులో మాటలాడు మనుష్యశిరస్సును చూపెను. బల్ల క్రింద ఖాళీగా కనబడెను. నిజమునకు కాళ్ళ నడుమ రెండు అద్దములు నిలిపియుండెను. అవి ప్రక్క తెరలను ప్రతిబింబింపగా, ప్రేక్షకులు వెనుక తెరను చూచుచున్నా మనుకొనిరి. తల మాత్రమే కనబడు మనిషి శరీరము అద్దముల వెనుక ఉండెను.

దీని చిన్నరూపమును బడిలోనే చేసికొనవచ్చును. 15 సెంటీమీటర్ల ఘనాకారపు అట్టపెట్టెను తీసికొని, ముందువైపు తెరచి యుంచవలెను. లోపలి ముఖములన్నిటికి ఒకేరకపు చిన్న చదరపు గళ్ళ కాగితము నంటింపవలెను. ముందరి పై అంచునుండి వెనుకటి క్రింది అంచువరకు, మెఱయువైపు క్రిందికి ఉండునట్లు, ఒక అద్దమును ఏటవాలుగా అమర్చవలెను. అద్దము వెడల్పు 15 సెంటీమీటర్లు. పొడవెంతయో విద్యార్థులే పైథాగరస్ సిద్ధాంతముతో లెక్కకట్టవలెను. సుమారు 21.2 సెంటీమీటర్లు వచ్చును. అద్దము మందమునుబట్టి కొంచెము తగ్గించి కోయించి, చేతులు తెగకుండ అంచులకు పట్టీ అంటింపవలెను.

అద్దము 45 డిగ్రీల కోణములో నుండుటచే అడుగుభాగపు ప్రతిబింబము నిటారుగా నిలిచి, వెనుకగోడవలె కనబడును. చూచువారికి పెట్టె ఖాళీగా తోచును. పైమూతలోని చీలికగుండ నాణెమును వేసినచో, అది అద్దము వెనుక పడి మాయమగును. పెట్టె ప్రేక్షకుల కంటికి సమానమైన ఎత్తున నుండవలెను. దిగువ నుండి చూచినచో గుట్టు బయటపడును. అట్లెందుకో కిరణచిత్రము గీసి తెలిసికొనుట మంచి అభ్యాసము.

నిదానముగా పడు బిళ్ళ

హూడిన్ పెట్టెకు ఈ కాలపు వారసుడు నియోడిమియం అయస్కాంతము. ఇట్టి బలమైన అయస్కాంతములు 1980 తరువాతనే వాడుకలోనికి వచ్చినవి. దళసరి రాగిగొట్టమును నిలువుగా పట్టుకొని, ఒక మామూలు ఉక్కుబిళ్ళను జారవిడిచినచో వెంటనే క్రింద పడును. ఒక మీటరు ఎత్తునుండి పడుటకు సుమారు 0.45 సెకను చాలును. చూచుటకు అట్లే యున్న అయస్కాంతపు బిళ్ళను విడిచినచో, అది కొన్ని సెకనులపాటు తేలుచున్నట్లు దిగును. రాగి అయస్కాంతమున కంటుకొనదు గదా, మరి ఇదెట్లు? కదలు అయస్కాంతము గొట్టపు గోడలలో సుడి విద్యుత్ప్రవాహములను పుట్టించును. లెంజ్ నియమము ప్రకారము అవి తమను పుట్టించిన చలనమునే అడ్డగించును. ఈ నియమము 1834నాటిది. పాఠములో ఒక వాక్యముగా నున్నది ఇచట కంటికి కనబడును.

ఒక్క హెచ్చరిక. చిన్న అయస్కాంతములను రెంటిని మ్రింగిన పిల్లలకు, అవి కడుపులో ప్రేవులను మధ్య నిఱికించి ఆకర్షించుకొని ప్రాణాపాయము కలుగును. మ్రింగుటకు వీలులేనంత పెద్దదానిని ఒక్కదానినే కొని, ప్రదర్శన కాగానే తాళము వేసి దాచవలెను.

నీటిని త్రాగు పొడి

లోపలిది కనబడని గ్లాసులో సోడియం పాలీఅక్రిలేట్ అను తెల్లని పొడిని ఒక చెంచా వేసి యుంచవలెను. నూఱు మిల్లీలీటర్ల నీరు పోసి, కొద్దిసేపు కబుర్లు చెప్పి, గ్లాసును బోర్లించినను చుక్క రాలదు. పసిపిల్లల డైపర్లలో నుండునది ఈ పొడియే. తన బరువుకు కొన్ని వందల రెట్లు శుద్ధజలమును పీల్చి, జిగురుముద్దగా మాఱును. పిమ్మట తరగతిలో ఆ ముద్దపై ఉప్పు చల్లి చూపవలెను. ముద్ద కరగి నీరు మరల బయటపడును. పొడిని పీల్చరాదు, నోటిలో వేయరాదు, ముద్దను తూములో పారబోయరాదు.

ఖర్చులేని పరికరము

అన్నిటికంటె చౌకయైనది ఒక పేకకట్ట. పేక యిష్టములేనిచో ఎఱుపు, నలుపు సిరాలతో గుర్తులు వేసిన అట్టముక్కలైనను చాలును. ఒకటి ఎఱుపు, ఒకటి నలుపుగా ముందే పేర్చుకొనవలెను. ప్రేక్షకుడు తన కిష్టమైనన్ని ముక్కలను పైనుండి ఒకటొకటిగా తీసి బల్లపై ఒకదానిమీద నొకటి పెట్టును. తరువాత ఆ కట్టను, చేతిలో మిగిలినదానిని ఒకదానిలో నొకటి ఎట్లైనను దూర్చి ఒక్కసారి కలుపును. ఇక పైనుండి రెండేసి ముక్కలు తీయుచు పొండు. ప్రతి జతలోను ఒకటి ఎఱుపు, ఒకటి నలుపు! దీనిని 1958లో నార్మన్ గిల్‌బ్రెత్ వెల్లడించెను.

కారణము సులభము. బల్లపై పెట్టుటలో వరుస తలక్రిందులగును గనుక రెండు కట్టల పైముక్కలు వేర్వేరు రంగులవి. కలిసిన పేకలోని మొదటి రెండు ముక్కలు ఒకే కట్టనుండి వచ్చినను, చెరియొకటినుండి వచ్చినను రంగులు వేఱే యగును. అవి పోయిన పిదప మిగిలిన పైముక్కలు కూడ వేర్వేరు రంగులవే. ఈ తర్కము చివరి జతవరకు సాగును. గణితపు ఉపాధ్యాయులకు అనుగమన పద్ధతిని చెప్పుటకు ఇంతకంటె సరసమైన ఉదాహరణము దొరకుట అరుదు.

విడువవలసినవి

తెల్లభాస్వరము, పాదరసము, క్షణములో భగ్గుమను నైట్రోసెల్యులోజ్ కాగితము, పర్మాంగనేటుపై గ్లిసరిన్ పోసి నిప్పు పుట్టించుట—ఇవి పాఠశాలలో పనికిరావు. ఇవి రెండవ ప్రశ్నవద్దనే తప్పిపోవును.

మూడవ ప్రశ్న ఇంతకంటె గడ్డుది. పసుపునీటిలో సున్నము కలిపిన ఎఱ్ఱబడునని దిష్టి తీయు ప్రతి యిల్లాలికి తెలియును. మందారపు రేకులను కత్తికి రుద్ది ఆరబెట్టి నిమ్మకాయను కోసిన, రసము ఎఱ్ఱగా కారును. పూవులోని రంగుపదార్థము ఆమ్లము తగిలి మాఱుటయే ఇందలి రహస్యము. కాని దీనినే "రక్తము" అని చూపి, ఇంటిపై ఎవరో ప్రయోగము చేసిరని చెప్పు మోసగాండ్రున్నారు. చేతబడి, బాణామతి అను అనుమానముతో మనుష్యులను కొట్టిన, చంపిన సంఘటనలు మన తెలుగు జిల్లాలలో జరిగినవి. కావున ఈ నిమ్మకాయను చూపినచో, కారణమును ఆ వేదికమీదనే చెప్పి, ఒక పిల్లవానిచేత మరల చేయించి దిగవలెను.

రహస్యమును దాచుట ఇంద్రజాలికుల వృత్తిధర్మము. పేకముక్కల గుట్టును, పెట్టెలోని అద్దమును మఱునాటి తరగతివఱకు దాచినను నష్టములేదు. ఆ రాత్రియంతయు పిల్లలు ఆలోచింతురు, అదియే లాభము. కాని ఇది మహిమ కాదు, విద్య అను మాటను మాత్రము దాచరాదు.