మూలనపడ్డ చేతక్‌ని మళ్ళీ రోడ్డెక్కించండి!

మెట్ల కింద గోనెపట్టా కప్పుకుని మామగారి బజాజ్ చేతక్ ఇంకా అలాగే ఉందా? పాత ఇనుప సామాన్లవాడు వచ్చినప్పుడల్లా "ఇచ్చేద్దాం, చోటైనా మిగులుతుంది" అంటున్నారా ఇంట్లోవాళ్ళు? కాస్త ఆగండి! 1972లో వచ్చిన ఈ రేకు బాడీ బండి ఎన్ని సంసారాల్ని మోసిందో మీకు తెలియనిది కాదు. రైతుబజారుకీ, పిల్లల ట్యూషన్‌కీ ఎవరినీ బతిమాలకుండా వెళ్ళడానికి మీకంటూ ఓ బండి ఉంటే ఎంత హాయి!

అయితే తక్కువ ఖర్చులో పని జరగాలంటే డబ్బు ఏ వరుసలో పెట్టాలో తెలియాలి. చాలామంది ముందు రంగు వేయిస్తారు. బండి తళతళలాడుతూ, బ్రేకు పడకపోతే ఏం లాభం చెప్పండి?

ముందు కాగితాలు

బీరువాలో ఆర్.సి. వెతకండి. సొంత బండ్ల రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళకి ముగుస్తుంది. తర్వాత ఫారం 25 పెట్టి, బండి చూపించి, అయిదేళ్ళకోసారి పొడిగించుకోవాలి. బండి యజమాని కాలం చేసి ఉంటే వారసుల పేరున మార్చడానికి ఫారం 31 ఉంది. ఈ పని కుదురుతుందని ఆర్.టి.ఓ. ఆఫీసులో తెలుసుకున్నాకే పర్సు తెరవండి. గేర్లు లేని బండికి తీసుకున్న లైసెన్సు చేతక్‌కి పనికిరాదు, మరవకండి.

బండి నాడి చూడండి

ఈ స్కూటర్‌కి విడిగా ఫ్రేము ఉండదు, రేకు బాడీయే ఆధారం. అందుకే కాళ్ళు పెట్టుకునే చోట అడుగున స్క్రూడ్రైవర్‌తో తట్టి చూడండి. పైపై తుప్పయితే ఎమరీ పేపర్‌తో పోతుంది. స్క్రూడ్రైవర్ దిగబడిపోతే మాత్రం వెల్డింగు ఖర్చు తప్పదు. కిక్ రాడ్ అసలు కిందకి దిగకపోతే పిస్టన్ పట్టేసిందేమో మెకానిక్‌ని అడగండి. ఈ రెండూ ఉంటే ఆ బండి మీద ఆశ వదులుకోవడమే మేలు.

ఖర్చు వరుస

మొదట బ్రేకు షూలు, టైర్లు, ట్యూబులు, కేబుల్ వైర్లు. పైకి బాగున్నా ఏళ్ళ తరబడి నిలబడ్డ టైరు రబ్బరు పగిలిపోతుంది. స్టెప్నీని కూడా నమ్మకండి, దాని వయసూ అంతే!

తర్వాత ఇంజను. ట్యాంకులో పాత పెట్రోలు తీయించి, కార్బొరేటర్ విప్పి కడిగించి, ప్లగ్గు మార్పించండి. చాలా బండ్లు ఇంతమాత్రానికే పలుకుతాయి. తీసిన పెట్రోలుని వంటింటి ఛాయలకి రానివ్వకండి. టూ-స్ట్రోక్ బండి అయితే లీటరు పెట్రోలుకి సుమారు 20 మి.లీ. టూ-టీ ఆయిల్ కలపాలి. ఎక్కువైతే పొగ, తక్కువైతే ఇంజనుకి చేటు. తర్వాత వచ్చిన ఫోర్-స్ట్రోక్ చేతక్‌కి ఇలా కలపకూడదు.

సామాన్ల కోసం విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల విచారించండి. ఇప్పుడు అదే పేరుతో వస్తున్న బ్యాటరీ స్కూటర్ పార్టులు దీనికి సరిపోవు. మెకానిక్ చేత అంచనా కాగితం మీద రాయించుకోండి. మార్చిన పాత సామాను మీకు చూపించమనండి. మొహమాటపడితే నష్టం మీకే!

మీకు నచ్చినట్టు

ఇక ముస్తాబు. కాళ్ళు నేలకి ఆనకపోతే సీట్లు కుట్టే షాపులో ఫోమ్ తగ్గించమనండి. ముందు బుట్ట పెట్టిస్తే అది లైటుకీ హ్యాండిల్ తిరగడానికీ అడ్డం రాకూడదు. కూరల సంచికి కొక్కెం చాలు. తుప్పు గీకి, ప్రైమర్ వేశాకే రంగు. పాత రంగే వేయిస్తే సరే, మారిస్తే ఆర్.సి.లో నమోదు చేయించాలి. వెనక కూర్చునేవాళ్ళ చీర కుచ్చెళ్ళు చక్రంలో పడకుండా కవచం ఉండాలన్నది చట్టమే చెబుతోంది. చున్నీ, పైట బిగించి దోపుకోవడం మన బాధ్యత.

థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ చేతికొచ్చాక, ఖాళీ మైదానంలో నాలుగు రోజులు గేర్లు అలవాటు చేసుకోండి. ఆ తర్వాత హెల్మెట్ పెట్టుకుని బయల్దేరండి. డబ్బు మిగిలితే అప్పుడు చూసుకుందురుగాని ఆ మెరిసే అద్దాల సంగతి!