సంచి మూతి చూచి సరకు నిర్ణయింపరాదు



వేరుసెనగ సంచి కొనునప్పుడు మూతికడ నున్న కాయలను మాత్రమే చూచి బేరము ముగించు రైతు మనలో లేడు. చేతిని లోనికి పోనిచ్చి నడిమి కాయను తీసి, ఒలిచి, గింజను కొరికి చూచును. అంకెల పట్టికలకును ఈ జాగ్రత్తయే వలయును.

నేడు పంట తూకములును, ఎరువుల పరీక్షా ఫలితములును కంప్యూటరున కెక్కుచున్నవి. వానిని పరిశీలించుటకు ‘ఆర్’ అను గణాంక సాధనము కలదు. న్యూజీలాండులోని ఆక్లండు విశ్వవిద్యాలయమున రాస్ ఇహాకా, రాబర్టు జెంటిల్మన్ అను నిరువురు దీనిని నిర్మించిరి. దీనికి వెల లేదు. ‘హెడ్’ అని వ్రాసి, దాని ప్రక్క కుండలీకరణములలో పట్టిక పేరు నుంచినచో మొదటి ఆరు వరుసలు తెరపై కానవచ్చును. ‘టెయిల్’ అన్నచో తుది ఆరు వరుసలు వచ్చును. శీర్షికలు సరిగా పడినవా, అంకె లుండవలసిన చోట అక్షరములు చేరినవా యని తెలియుటకు ఇది మంచి మార్గము. కాని యింతటితో నిలువరాదు.

ఆర్‌తో కూడ వచ్చు అభ్యాస పట్టికలలో ‘ప్లాంట్‌గ్రోత్’ అనునది యొకటి. ఇందు 30 మొక్కల యెండు బరువులు గలవు. మొదటి పది మొక్కలకు ఏ చికిత్సయు లేదు. తరువాతి పదింటికి ఒక చికిత్స, కడపటి పదింటికి వేరొక చికిత్స. హెడ్ అడిగినచో 4.17, 5.58, 5.18, 6.11, 4.50, 4.61 అని వచ్చును. ఇవి యన్నియు చికిత్స లేనివే. టెయిల్ అడిగినచో 5.37, 5.29, 4.92, 6.15, 5.80, 5.26, ఇవి యన్నియు రెండవ చికిత్సవి. మొదలును తుదియు మాత్రమే చూచినవాడు చికిత్స మేలు చేసినదని సంతోషించును. నడుమ నున్న దాని మాట యేమి? సగటులు చూడుడు: చికిత్స లేనిచో 5.032, రెండవ చికిత్సకు 5.526, నడుమ దాగిన మొదటి చికిత్సకు 4.661 మాత్రమే. పది మొక్కలతో తుది తీర్పు చెప్పరాదు గాని, తక్కువ బరువు తూగిన మడిని చూడకయే ఎరువు కొనుట వివేకము గాదు.

నా పొరపాటు నొకటి చెప్పుదును. ఒక యేడు మా మండలపు వరి తూకముల పట్టికలో పై వరుసలు మాత్రమే చూచితిని. అన్నియు కిలోలలో నుండుటచే సరియే యని పంపితిని. దిగువ నొక గ్రామమువారు క్వింటాళ్లలో వ్రాసియుండిరి. 24 క్వింటాళ్లు పండించిన రైతు 24 కిలోలు పండించినట్లు పడి, విత్తనపు పంట వేయువారి జాబితా నుండి ఆయన పేరు తొలగిపోయెను. ఆయన నాతో, “అయ్యగారూ, కాగితము గాదు, నా గాదె చూచి చెప్పుడు” అనెను. తప్పు దిద్దునప్పటికి అదను దాటిపోయెను. ఆ మాట నేటికిని మరువలేదు.

కావున హెడ్, టెయిల్ చూచిన పిమ్మట ‘సమ్మరీ’ అని కూడ అడుగవలయును. ప్లాంట్‌గ్రోత్‌లో కనిష్ఠము 3.59, గరిష్ఠము 6.31 అనియు, ఒక్కొక్క వర్గమున పదేసి మొక్కలు గలవనియు అది చెప్పును. మా పట్టికను అట్లడిగియున్నచో కనిష్ఠపు టంకెయే తప్పును పట్టియిచ్చెడిది.

సోదరులారా, సంఘపు సభలో పట్టిక చదువునప్పుడు పై వరుసలు విని లేచి పోవలదు. మీ పేరు గల వరుసను చదివించుకొని, కొలత యేదో అడిగి తెలిసికొనుడు.