తోటలోని నేరో గేజి నమూనా రైలుమార్గాల ఛాయాచిత్రణ

ఇంటి పెరటిలోనో తోటలోనో ఆరుబయట నిర్మించిన నేరో గేజి నమూనా రైలుమార్గాలను, వాటిపై నడిచే చిన్న ఇంజన్లను, పెట్టెలను నిజమైన రైళ్ళ వలె కనిపించేటట్లు ఫొటో తీయడం ఛాయాచిత్రణలో ఒక ప్రత్యేక విభాగం. ఈ అభిరుచి ముఖ్యంగా బ్రిటన్, జర్మనీ, అమెరికా దేశాలలో ప్రచారంలో ఉంది. గదిలో అమర్చిన నమూనాకు విద్యుద్దీపాలు, రంగులు వేసిన తెర ఉంటాయి. తోటలోని నమూనాకు అసలైన ఎండ, మట్టి, మొక్కలు ఉంటాయి. రైలును ఎంత చిన్నదిగానైనా తయారు చేయవచ్చు గాని ఎండను, ఆకును, నీటి ఆవిరిని అదే నిష్పత్తిలో చిన్నవి చేయడం సాధ్యం కాదు. ఈ విభాగంలోని పద్ధతులన్నీ ఈ ఇబ్బందిని అధిగమించడానికి ఏర్పడినవే.

గేజి, స్కేలు

రెండు పట్టాల మధ్య దూరం 1,435 మి.మీ. కంటె తక్కువగా ఉండే మార్గాలను నేరో గేజి అంటారు. భారతదేశంలో మాత్రం మీటరు గేజిని వేరుగా లెక్కించి 762 మి.మీ., 610 మి.మీ. మార్గాలనే నేరో గేజిగా వ్యవహరిస్తారు. వేల్స్‌లో 1836లో ప్రారంభమైన ఫెస్టినియోగ్ రైల్వే (597 మి.మీ.), 1881లో పూర్తయిన డార్జిలింగ్ హిమాలయన్ రైల్వే (610 మి.మీ.) వీటిలో ప్రసిద్ధమైనవి. ఇటువంటి మార్గాలలో మలుపులు ఇరుకుగా, ఇంజన్లు పొట్టిగా, రైళ్ళు చిన్నవిగా ఉంటాయి. అందువలన ఇవి కొద్దిపాటి తోటలో కూడా సహజంగా ఇముడుతాయి.

బ్రిటన్‌లో ఎక్కువగా వాడేది 16 మి.మీ. స్కేలు. ఇందులో అసలు రైలులోని ఒక అడుగు నమూనాలో 16 మి.మీ. అవుతుంది, అనగా నిష్పత్తి సుమారు 1:19. ఈ లెక్కన రెండడుగుల గేజి 32 మి.మీ. పట్టాలకు సరిపోతుంది. జర్మనీకి చెందిన లేమాన్ సంస్థ 1968లో ఎల్.జి.బి. అనే పేరుతో 1:22.5 నిష్పత్తిలో, 45 మి.మీ. పట్టాలపై నడిచే నమూనాలను విడుదల చేసింది. ఇవి మీటరు గేజి రైళ్ళకు నమూనాలు. ఫొటో తీసేవారికి స్కేలు తెలియడం చాలా అవసరం. కెమెరాను ఎంత ఎత్తులో, ఎంత దూరంలో ఉంచాలో దాని నుంచే లెక్క కట్టాలి.

కెమెరా ఎత్తు, దూరం

నిలబడి కిందికి చూస్తూ తీసిన ఫొటోలో నమూనా బొమ్మగానే కనిపిస్తుంది. నిజమైన రైలును మనిషి దాదాపు 160 సెం.మీ. ఎత్తునుంచి చూస్తాడు. 1:19 నిష్పత్తిలో ఇది 8.4 సెం.మీ., 1:22.5లో 7.1 సెం.మీ. అవుతుంది. నమూనా పక్కన నిలబెట్టిన చిన్న మనిషి బొమ్మ కళ్ళ ఎత్తు కూడా ఇంతే. కెమెరా లెన్సు ఆ ఎత్తుకు దిగాలి. అలాగే రైలుకు 15 మీటర్ల దూరంలో నిలబడి తీసినట్లు కనిపించాలంటే కెమెరాను సుమారు 79 సెం.మీ. దూరంలో ఉంచాలి.

ఇంత తక్కువ ఎత్తులో స్టాండు పనికిరాదు కనుక చిన్న ఇసుక సంచిపై కెమెరాను ఆనిస్తారు. సెల్ ఫోన్లలో లెన్సు పైఅంచు దగ్గర ఉంటుంది కాబట్టి ఫోనును తలకిందులుగా పట్టుకుంటే లెన్సు నేలకు దగ్గరగా వస్తుంది. ఫోనును మరీ దగ్గరకు తీసుకుపోతే ఇంజను ముందుభాగం ఉబ్బినట్లు, వెనుకభాగం సన్నబడినట్లు కనిపిస్తుంది.

స్పష్టత లోతు

ఫొటోలో ముందు నుంచి వెనుకకు ఎంత మేర స్పష్టంగా కనిపిస్తుందో దానిని స్పష్టత లోతు అంటారు. దగ్గరి వస్తువులను తీసేటప్పుడు ఇది బాగా తగ్గిపోతుంది. ఉదాహరణకు ఏ.పి.ఎస్.-సి. సెన్సారు గల కెమెరాకు 35 మి.మీ. లెన్సు అమర్చి, అపెర్చరును ఎఫ్/4 వద్ద ఉంచి 15 మీటర్ల దూరంలోని రైలును తీస్తే, సుమారు ఏడున్నర మీటర్ల నుంచి కనుచూపు మేర వరకు అంతా స్పష్టంగా వస్తుంది. అదే అమరికతో 80 సెం.మీ. దూరంలోని నమూనాను తీస్తే స్పష్టత లోతు 8 సెం.మీ. మాత్రమే. ఇంజను ముందుభాగం స్పష్టంగా ఉండి, వెనుక ఉన్న పెట్టెలు మసకబారుతాయి. ఈ మసకను బట్టే చూసేవారు అది చిన్న వస్తువని గ్రహిస్తారు.

అపెర్చరును ఎఫ్/16 వరకు తగ్గిస్తే స్పష్టత లోతు సుమారు 33 సెం.మీ.కు పెరుగుతుంది. ఇంకా తగ్గిస్తే కాంతి వివర్తనం వలన చిత్రమంతా కొంత పదును కోల్పోతుంది. ఫోకసును కొద్దికొద్దిగా జరుపుతూ అనేక ఫొటోలు తీసి కంప్యూటరులో ఒకటిగా కలపడం మరొక పద్ధతి. దీనికి రైలు కదలకూడదు, గాలికి ఆకులు ఊగకూడదు.

వెలుతురు

మధ్యాహ్నపు ఎండలో ఇంజను పైభాగం మెరిసి, చక్రాలు, వాటిని తిప్పే కడ్డీలు నల్లని నీడలో మునిగిపోతాయి. ఉదయం, సాయంత్రం ఏటవాలుగా పడే ఎండ చక్రాల వరకు చేరుతుంది. మబ్బు పట్టిన రోజున రంగులు చక్కగా వస్తాయి గాని లోతు తెలియదు. నీడ పడిన వైపు తెల్లని థర్మోకోల్ అట్టను నిలబెడితే కొంత వెలుతురు తిరిగి ఇంజను మీద పడుతుంది.

కదలిక, ఆవిరి

గంటకు 25 కి.మీ. వేగంతో పోయే రైలుకు 1:19 నమూనా సెకనుకు సుమారు 36 సెం.మీ. నడవాలి. దగ్గరనుంచి చూస్తే ఇది చాలా వేగం. కెమెరాకు అడ్డంగా పోయే నమూనా చెదరకుండా రావాలంటే సెకనులో 1/1000 వంతు షట్టరు వేగం అవసరం కావచ్చు. మంచి ఎండలో ఎఫ్/16 వద్ద, ఐ.ఎస్.ఓ. 100తో లభించేది 1/100 వంతు మాత్రమే. కనుక ఐ.ఎస్.ఓ.ను 800కు, 1000కు పెంచవలసి వస్తుంది. రైలు కెమెరా వైపు ఏటవాలుగా వచ్చే చోటును ఎంచుకుంటే ఈ ఇబ్బంది కొంత తగ్గుతుంది.

కొన్ని నమూనాలు గ్యాసుతోనో స్పిరిటుతోనో నీటిని మరిగించి నిజమైన ఆవిరితో నడుస్తాయి. పొడిగా, వేడిగా ఉన్న రోజున ఆ ఆవిరి కంటికి కనిపించకుండానే గాలిలో కలిసిపోతుంది. చల్లని, తేమగల ఉదయాన అది తెల్లని పొగమంచులా నిలుస్తుంది. అందుకే బ్రిటన్‌లో ఇటువంటి ఫొటోలకు శీతాకాలం అనువైనది.

మొక్కలు, పరిసరాలు

నమూనాలో 2 సెం.మీ. ఆకు అసలులో 38 సెం.మీ. ఆకుతో సమానం. పట్టాల పక్కన పూసిన ఒక్క గులాబి చాలు, రైలు పరిమాణం బయటపడుతుంది. నాచు, థైమ్, పొట్టి రకపు కోనిఫర్ మొక్కలు సన్నని ఆకుల వలన చెట్లుగా, పొదలుగా చెల్లుతాయి. ఇంజనుపై పడిన పుప్పొడిని, వేలిముద్రలను, పట్టాలపై రాలిన ఆకులను ముందుగా మెత్తని కుంచెతో తుడవాలి. కెమెరా కిందికి దిగినప్పుడు వెనుక ఇంటి గోడ, బట్టలు ఆరేసే తీగ చిత్రంలోకి వస్తాయి. వాటికి అడ్డంగా లేత బూడిదరంగు వేసిన పలకను దూరంగా నిలబెడతారు.

తెలుగు ప్రాంతపు నేరో గేజి

శ్రీకాకుళం జిల్లాలోని నౌపడా నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడికి 1900లో 762 మి.మీ. గేజి రైలుమార్గం ప్రారంభమైంది. దీనిని పర్లాకిమిడి మహారాజు నిర్మింపజేశారు. తరువాత ఇది గుణుపురం వరకు సాగింది. 2004లో నేరో గేజి రైళ్ళను నిలిపివేసి మార్గాన్ని బ్రాడ్ గేజిగా మార్చారు. ఈ మార్గానికి 16 మి.మీ. స్కేలులో నమూనా చేస్తే పట్టాల మధ్య దూరం సరిగ్గా 40 మి.మీ. ఉండాలి. తయారుగా దొరికే పట్టాలు సాధారణంగా 32 మి.మీ. లేదా 45 మి.మీ. కొలతవి కనుక రాజీ పడక తప్పదు. పక్కనుంచి తీసిన ఫొటోలో ఈ తేడా తెలియదు. ఎదురుగా తీస్తే వెంటనే తెలుస్తుంది.

చిత్ర వివరణ

తోటలోని రైలుమార్గం శాశ్వతం కాదు. వానకు కట్ట జారుతుంది, వేళ్ళు పట్టాలను పైకి లేపుతాయి, మొక్కలు స్కేలును మించి పెరుగుతాయి. ఒకే చోటునుంచి ఏటేటా తీసిన ఫొటోలే దాని చరిత్రగా మిగులుతాయి. నమూనా ఫొటో ఎంత బాగా కుదిరితే అది అసలు రైలుదని పొరబడే అవకాశం అంత ఎక్కువ. నేరో గేజి తొలగిపోయిన మార్గాల విషయంలో ఇటువంటి పొరపాటు చరిత్రలోకి కూడా చేరవచ్చు. అందువలన ప్రతి ఫొటో కింద అది నమూనా అనీ, దాని స్కేలు, గేజి, తీసిన తేదీ ఏమిటనీ రాయాలి. కంప్యూటరులో ఆవిరిని చేర్చినా, వెనుకనున్న గోడను తొలగించినా ఆ సంగతి కూడా పేర్కొనాలి.